మొదటి ఏడాది పొదుపు క్రోనర్లలోనే ఉండనివ్వండి

ప్రశ్న: మాది విజయవాడ. పవన విద్యుత్తు రంగంలో ఉద్యోగం రావడంతో మూడు నెలల క్రితం మావారితో, నాలుగేళ్ల బాబుతో డెన్మార్క్‌లోని ఆర్హుస్‌కు వచ్చాను. జీతం 45,000 క్రోనర్లు; మొదటి రెండు నెలలూ చేతికి సుమారు 18,600 మాత్రమే వచ్చింది. ఇంటికి నెలకు 11,000 అద్దె. చేరేటప్పుడే 77,000 కట్టాం. మావారికి ఇంకా ఉద్యోగం లేదు. విజయవాడ ఫ్లాటు మీద నెలకు 32,000 రూపాయల ఈఎంఐ ఉంది. మిగిలినదంతా ఎన్ఆర్ఈ ఖాతాలో (ప్రవాసులు విదేశీ సంపాదనను రూపాయల్లో దాచుకునేది) ఎఫ్‌డీ వేస్తే పన్ను ఉండదని అన్నయ్య అంటున్నారు. వేయమంటారా?

జవాబు: ఇప్పుడే వేయవద్దు. ఎందుకో చెప్పేముందు మీ జీతం సంగతి చూద్దాం. ఎంత పన్ను కోయాలో యజమానికి తెలిపే పన్ను కార్డు సిద్ధం కాని ఉద్యోగి జీతంలోంచి, అందరూ కట్టే 8 శాతం చందా తీసివేశాక, మిగిలినదానిపై ఏ మినహాయింపూ లేకుండా 55 శాతం పన్ను కోస్తారు. మీకు జరిగినది అదే. మిట్‌ఐడీ అనే డిజిటల్ గుర్తింపుతో, స్కాట్ అని పిలిచే అక్కడి పన్నుల శాఖ వెబ్‌సైటులోకి వెళ్లి, ఈ ఏడాది మీ ఆదాయం ఎంత ఉంటుందో ముందస్తు అంచనాలో నమోదు చేస్తే, నెలకు దాదాపు 29,000 చేతికి వస్తుంది. అదనంగా పోయిన సుమారు 20,000 క్రోనర్లు మునిగిపోలేదు. ఈ ఏడాది మిగిలిన నెలల్లో కోత తగ్గడం ద్వారా గానీ, వచ్చే మార్చిలో వార్షిక లెక్క తేలాక గానీ మీకే చేరతాయి. ప్రభుత్వం ఇచ్చే సొమ్ము నెమ్‌కోంటోగా గుర్తించిన బ్యాంకు ఖాతాకే వస్తుంది కనుక, మీ ఖాతాను అలా నమోదు చేశారో లేదో చూసుకోండి. విదేశీ నిపుణులకు తక్కువ పన్ను పథకం ఒకటి ఉందని ఎవరైనా చెప్పి ఉండవచ్చు గానీ, దానికి కావలసిన కనీస జీతం మీ జీతం కంటే చాలా ఎక్కువ.

ఇక ఎఫ్‌డీ. అన్నయ్యగారు చెప్పినది భారతదేశం వరకు నిజం. అయితే డెన్మార్క్‌లో స్థిరపడి పూర్తి పన్ను బాధ్యతలోకి వచ్చినవారు ప్రపంచంలో ఎక్కడ సంపాదించిన ఆదాయమైనా అక్కడ చూపవలసిందే. ఎన్ఆర్ఈ వడ్డీ మీద సుమారు 37 శాతం పన్ను పడుతుంది. ఇండియాలో పన్ను కట్టలేదు కాబట్టి తగ్గించుకోవడానికీ ఏమీ ఉండదు. 7 శాతం వడ్డీ వచ్చే ఎఫ్‌డీ అలా నాలుగున్నర శాతం దగ్గరకు దిగుతుంది. రూపాయి బలహీనపడితే అదీ మిగలదు. మ్యూచువల్ ఫండ్ సిప్‌లు ఉంటే వాటినీ ఆపి ఆలోచించండి. విదేశీ ఫండ్లలో చాలావాటికి, యూనిట్లు అమ్మకపోయినా, ఏటా పెరిగిన విలువ మీదే అక్కడ పన్ను లెక్కిస్తారు. విజయవాడలోని మీ మామూలు సేవింగ్స్ ఖాతాను మాత్రం ఎన్ఆర్ఓగా, అంటే ప్రవాసుల ఇండియా ఆదాయం కోసం ఉండే ఖాతాగా, మార్చుకోవడం తప్పనిసరి.

మీకు అన్నిటికంటే ముందు కావలసినది ఆర్హుస్‌లో చేతికందే సొమ్ము. మీరు కట్టిన 77,000లో 33,000 డిపాజిట్. ఇల్లు అప్పగించేటప్పుడు రంగులకనీ, నేల బాగుచేతకనీ అందులోంచి కొంత కోయడం అక్కడ మామూలే. మరో 33,000 ముందస్తు అద్దె. ఖాళీ చేస్తామని నోటీసు ఇచ్చాక చివరి 3 నెలలకు సరిపోతుంది. ఆ రెంటినీ అత్యవసర నిధిగా ఎంచకండి. అద్దె 11,000, ఇంటి ఖర్చులూ బాబు బడీ కలిపి 9,000, ఈఎంఐకి రెండున్నర వేలు పోతే నెలకు 6,500 మిగులుతుంది. అత్యవసర నిధిగా, ఈఎంఐ కాకుండా 3 నెలల ఖర్చుకు 60,000 కావాలి. తిరిగి వచ్చే పన్ను కలిస్తే ఆరేడు నెలల్లో సమకూరుతుంది. మీ ఒక్కరి జీతం మీదే ముగ్గురు ఆధారపడి ఉన్నారు కనుక దీన్ని వాయిదా వేయవద్దని గట్టిగా చెబుతున్నాను.

ఆ-కాసె అనే నిరుద్యోగ బీమా నిధిలో ఈ నెలలోనే చేరండి. నెలకు సుమారు 500 క్రోనర్లు, దానికి పన్ను మినహాయింపు కూడా ఉంది. ఉద్యోగం పోతే భృతి రావాలంటే సాధారణంగా సభ్యత్వం ఏడాది నిండి, నిర్ణీత ఆదాయం కూడా చూపాలి. అందుకే ఆలస్యం చేసిన ప్రతి నెలా నష్టమే. మీ నివాస అనుమతి ఉద్యోగంతో ముడిపడి ఉంటే భృతి ఏ షరతులపై వస్తుందో చేరే ముందే రాతపూర్వకంగా అడగండి. ఇంటి సామాను బీమా కూడా తీసుకోండి. డాక్టరుకు డబ్బు కట్టనక్కర లేదు గానీ పెద్దవాళ్ల పళ్ల వైద్యానికి కట్టాలి. కారు ఆలోచన ఉంటే మానుకోండి. రిజిస్ట్రేషన్ పన్ను ధరలో పై భాగం మీద 150 శాతం వరకు ఉంటుంది, ఆర్హుస్‌లో సైకిలూ బస్సూ చాలు. మీవారికి ఉద్యోగం లేదని రాశారు; ఆయనను డేనిష్ తరగతుల్లో చేర్పించండి. ఫీజు లేదు, సుమారు 2,000 క్రోనర్ల డిపాజిట్ ఉంటుంది, ఇంటికి రెండో జీతం రావడానికి ఇంతకంటే చవకైన దారి నాకు కనిపించడం లేదు.

నిధి సమకూరాక మిగిలే డబ్బును ఎఫ్‌డీకి కాకుండా ఫ్లాటు రుణం ముందే తీర్చడానికి వాడండి. రుణం మీద కట్టే వడ్డీ మీకు వచ్చే ఎఫ్‌డీ వడ్డీ కంటే ఎక్కువగానే ఉంటుంది. పైగా ఇండియాలో కట్టిన వడ్డీని స్కాట్‌కు చూపి మినహాయింపు పొందవచ్చు, అయితే అది వారికి దానంతట అది తెలియదు, మీరే నమోదు చేయాలి. బ్యాంకు ఇచ్చే వడ్డీ పత్రం ఏప్రిల్ నుంచి మార్చి వరకు ఉంటుంది, డెన్మార్క్ పన్ను సంవత్సరం జనవరి నుంచి డిసెంబరు వరకు. అందుచేత నెలవారీ వడ్డీ వివరాలతో స్టేట్‌మెంట్ ఇవ్వమని విజయవాడ బ్రాంచికి ఇప్పుడే రాయండి.