స్విస్ నుంచి అబ్సింత్ బాటిల్ తెస్తే వీసాకి ఇబ్బందా?

ప్రశ్న: లాయర్ మేడమ్, నేను న్యూజెర్సీలో హెచ్‌వన్ మీద ఉన్నా. వచ్చే నెల ఆఫీసు పని మీద జ్యూరిక్ వెళ్తున్నా, అబ్సింత్ అనే ఘాటు మందు తెమ్మని రూమ్మేట్స్ ఒకటే గోల. తాగితే ఏవేవో కనిపిస్తాయట, ఇక్కడ బ్యాన్ కూడా అంటున్నారు. తెస్తే నా స్టేటస్‌కి ఏమన్నా అవుతుందా?

జవాబు: తెచ్చుకోవచ్చండీ, కాకపోతే కనపడ్డ బాటిలల్లా కాదు. బ్యాన్ అన్నది పాత మాట, 1912లో అమెరికా ఆపేసిన మాట నిజమే గానీ 2007 నుంచి మళ్ళీ ఇక్కడి లిక్కర్ షాపుల్లోనే అమ్ముతున్నారు. చిక్కంతా థుజోన్ అనే పదార్థంతో. అబ్సింత్‌లో సోంపుతో పాటు వర్మ్‌వుడ్ అనే చేదు మొక్క వేస్తారు, ఆ మొక్కలో ఉంటుంది ఇది (మనం వినాయకచవితికి పెట్టే మాచిపత్రి, పూలదండల్లో కట్టే దవనం కూడా దానికి దగ్గరి చుట్టాలే). అమెరికా రూల్ ప్రకారం సరుకు "థుజోన్ లేనిది" అయ్యుండాలి, అంటే 10 పీపీఎం (కిలోకి 10 మిల్లీగ్రాములు) లోపు. యూరప్‌లో మాత్రం కిలోకి 35 మిల్లీగ్రాముల దాకా ఓకే. అంటే జ్యూరిక్ షాపులో బిల్లుతో సహా దర్జాగా కొన్న బాటిలే నెవార్క్‌లో దిగేసరికి రూల్‌కి పనికిరాకుండా పోవచ్చు. ఇంకోటి, లేబుల్ మీద అబ్సింత్ అన్న పదం ఒక్కటే ఉండకూడదు, బ్రాండ్ పేరూ అదే అవ్వకూడదు, మత్తులో తేలిపోతున్నట్టు బొమ్మలు అసలే ఉండకూడదు.

ఇక ఆ "కనిపిస్తాయట" సంగతి. ఏమీ కనిపించవు. థుజోన్ మరీ ఎక్కువైతే ఫిట్స్ రావచ్చు గానీ దేవకన్యలు రారు. బ్యాన్‌కి ముందు నాటి పాత బాటిళ్ళు 13 తెరిచి టెస్ట్ చేస్తే లీటర్‌కి సగటున 25 మిల్లీగ్రాములే తేలింది, అంటే ఇవాళ్టి యూరప్ లిమిట్ చుట్టుపక్కలే. అప్పట్లో మనుషుల్ని పాడుచేసింది అందులోని ఆల్కహాలే.

మరి అంత చెడ్డపేరు ఎలా వచ్చిందంటే, కేసు ఫైల్ చూసినట్టు చూడండి. 1905 ఆగస్టు 28, స్విట్జర్లాండ్‌లో కొమ్యూనీ అనే ఊరు. జాన్ లాఁఫ్రే అనే కూలీ కడుపుతో ఉన్న భార్యనీ ఇద్దరు చిన్నపిల్లల్నీ కాల్చి చంపేశాడు, గొడవ మొదలైంది బూట్లు పాలిష్ చెయ్యలేదని. ఆ రోజు వాడు తాగింది లీటర్లకొద్దీ వైన్, పైన బ్రాందీ, అబ్సింత్ మాత్రం రెండే రెండు గ్లాసులు. పేపర్లు ఆ రెండు గ్లాసులే పట్టుకున్నాయి, మీరే చెప్పండి ఏ క్రాస్ ఎగ్జామినేషన్‌లో నిలబడుతుంది ఆ వాదన? నిలబడింది మరి! 1908లో ఓటింగ్ పెట్టి మరీ బ్యాన్ చేశారు, 1910 నుంచి అమలు. ఫ్రాన్స్ 1915లో ఆపింది, అక్కడ తమ గిరాకీ పోతోందని వైన్ వాళ్ళు కూడా వెనకనుంచి గట్టిగానే తోశారు. స్విస్‌లో బ్యాన్ ఎత్తేసింది 2005లో. ఈ మధ్యలో అది పుట్టిన వాల్ ద త్రావేర్ లోయలో జనం ఇళ్ళల్లో దొంగతనంగా కాస్తూనే ఉన్నారు, మన ఊళ్ళల్లో నాటుసారాలాగే అనుకోండి. వాళ్ళకి జరిమానాలు వేసిన మోతియే ఊరి కోర్టు బిల్డింగ్ ఇప్పుడు అబ్సింత్ మ్యూజియం, వీలైతే చూసి రండి.

ఇప్పుడు మీ పని. బాటిల్ మీద ఆల్కహాల్ శాతం చూడండి, 70 దాటితే చెకిన్ బ్యాగులో కూడా ఫ్లైట్ ఎక్కనివ్వరు, అబ్సింత్‌లో 72, 74 ఉన్నవి మామూలే. థుజోన్ ఎంతో లేబుల్ మీద రాసి ఉండకపోతే షాపు వాణ్ణి అడిగి రాయించుకోండి, చెప్పలేకపోతే వదిలేయండి. 21 ఏళ్ళు దాటినవాళ్ళకి ఒక లీటర్ దాకా డ్యూటీ ఉండదు. కస్టమ్స్‌లో అడిగినప్పుడు బాటిల్ ఉందని చెప్పేయండి. చెప్పి తెస్తే, మహా అయితే తీసేసుకుంటారు, ఆ డబ్బులు పోతాయి అంతే, స్టేటస్‌కి ఏమీ కాదు. దాచి, అడిగితే "ఏం లేదండీ" అన్నారనుకోండి, అప్పుడు పెనాల్టీ, ఆపైన ఆఫీసర్‌కి అబద్ధం చెప్పారన్న మాట రికార్డులో పడుతుంది, హెచ్‌వన్ వాళ్ళకి అసలు భయం అదీ. దానికోసం నా దగ్గరికి వస్తే నా ఫీజే బాటిల్ కంటే చాలా ఎక్కువవుతుంది.

ఇవన్నీ ఎందుకనుకుంటే ఇక్కడే అప్రూవ్ అయినది కొనుక్కుని రూమ్మేట్స్‌కి పోయండి. ఒక వంతు మందుకి మూణ్ణాలుగు వంతుల చల్లటి నీళ్ళు, చిల్లుల స్పూన్ మీద పంచదార బిళ్ళ పెట్టి సన్నగా ధారగా, పచ్చటిది కాస్తా మజ్జిగ తేటలాగా తెల్లబడిపోతుంది. సోంపు వాసన పడని వాళ్ళైతే మొదటి గుక్కకే గ్లాస్ పక్కన పెట్టేస్తారు, అందుకని ముందు చిన్న బాటిలే కొనండి.