కాడి కింద దొరికే విశ్రాంతి

ప్రశ్న: అయ్యగారికి వందనాలు. నేను ప్రభుత్వ పాఠశాలలో టీచరుగా పనిచేస్తున్నాను. ఆదివారపు ఆరాధన, శుక్రవారపు ఉపవాస కూడిక ఏనాడూ మానలేదు. రోజుకు బైబిలులో మూడు అధ్యాయాలు చదవాలని నియమం పెట్టుకుని, తప్పిన రోజున నోటుపుస్తకంలో ఎర్ర సిరాతో సున్నా చుడుతున్నాను. అయినా రాత్రి పడుకుంటే ఇంటి అప్పు, అమ్మాయి చదువు, అత్తగారి మందులు కళ్ల ముందు తిరుగుతాయి. యేసు ప్రభువు విశ్రాంతి ఇస్తానన్నాడు కదా, నాకెందుకు రాలేదు? నా విశ్వాసంలో లోపమా?
– ఒక సోదరి, గుంటూరు జిల్లా

జవాబు: సోదరీ, మీ ఉత్తరంలో ఇంటి అప్పు కంటే నన్ను ఎక్కువగా బాధపెట్టినవి ఆ ఎర్ర సున్నాలే. ‘ప్రయాసపడి భారము మోసికొనుచున్న సమస్త జనులారా, నా యొద్దకు రండి’ అన్న పిలుపు మత్తయి సువార్త 11వ అధ్యాయం చివర ఉంది. ఆ వెంటనే 12వ అధ్యాయంలో, ఆకలిగొన్న శిష్యులు ఏ పనీ చేయకూడని విశ్రాంతి దినాన పంటచేలో వెన్నులు తుంచుకుని తిన్నందుకు, ధర్మశాస్త్ర నియమాల్లో పట్టుదలగల యూదు మతవర్గమైన పరిసయ్యులు తప్పుపట్టడం చూస్తాము. విశ్రమించమని దేవుడిచ్చిన రోజు కూడా వారి చేతుల్లో తప్పొప్పుల లెక్క అయిపోయింది. కనుక ప్రభువు పిలిచినవారిలో బతుకు బరువుతో నలిగినవారితో పాటు భక్తి బరువుతో నలిగినవారూ ఉన్నారని నేను నమ్ముతాను. మీరు ఆ రెండు బరువులూ మోస్తున్నారు.

ఆ 11వ అధ్యాయం 28వ వచనంలో విశ్రాంతి ‘కలుగజేతును’ అన్న ప్రభువు, 29వ వచనంలో తన కాడి ఎత్తుకుని తనయొద్ద నేర్చుకుంటే విశ్రాంతి ‘దొరకును’ అన్నాడు. మొదటిది పాపక్షమాపణ వల్ల కలిగే సమాధానం. దాన్ని మీరు నమ్మిన నాడే ఉచితంగా పొందారు, మూడు అధ్యాయాలు తప్పినంత మాత్రాన అది పోదు. రెండవది ఆయన వెంట నడుస్తుండగా కొద్దికొద్దిగా దొరికేది. మా తాతగారు కొత్త కాడి చేయించినప్పుడు దాన్ని ఎద్దు మెడ మీద పెట్టి చూసి, ఒరుసుకునే చోటును అరచేత్తో తడిమి, వడ్రంగి చేత మళ్లీ బాడిసెతో చెక్కించేవారు. కుదరని కాడి కింద ఎంత బలమైన ఎద్దయినా మెడ పుండుపడి కూలబడుతుందనేవారు. ప్రభువు తన కాడి ‘సుళువు’ అన్నచోట గ్రీకు మూలంలో ఉన్న ‘క్రేస్టోస్’ అనే మాటకు మేలైనది, దయగలది అనే అర్థాలున్నాయి. మీ బడి పని, అప్పు వాయిదా, అత్తగారి సేవ రేపు కూడా ఉంటాయి. మెడ మీద ఉన్నది ఎవరి కాడి అన్నదే ప్రశ్న.

సంతృప్తి కూడా ఒక్క రాత్రిలో వచ్చేది కాదు. ‘సంతృప్తి కలిగియుండ నేర్చుకొని యున్నాను’ అని ఫిలిప్పీయులకు రాసినప్పుడు పౌలు బంధకాల్లో ఉన్నాడు. అంతటి అపొస్తలుడే నేర్చుకున్నానన్నాడు.

నిద్ర సంగతి వేరు. చావు కోరుకుని బదరీవృక్షం కింద పడుకున్న ఏలీయా ప్రవక్తను దేవదూత ఒక్క మాటతోనైనా గద్దించలేదు. రెండుసార్లు తట్టి లేపి తినమన్నాడు. చాలాకాలంగా నిద్ర పట్టకపోతే వైద్యుణ్ణి కలవండి, అది అవిశ్వాసం కాదు. అప్పు లెక్క మీవారితో కూర్చుని మాట్లాడుకోండి, ఒంటరిగా మోయవద్దు.

ఈ నెలకు ఆ నోటుపుస్తకాన్ని బీరువాలో పెట్టేయండి. రాత్రి దీపం ఆర్పేముందు 131వ కీర్తన చదవండి. ఉన్నవి మూడే వచనాలు. అందులో కీర్తనకారుడు తన ప్రాణాన్ని తల్లి దగ్గరున్న పాలు మానిన బిడ్డతో పోల్చాడు. పాలు తాగే బిడ్డ ఒడిలోకి రాగానే పాల కోసం వెతుక్కుంటుంది. పాలు మానిన బిడ్డకు ఆ ఒడి చాలు. చదువుతుండగానే అప్పు గుర్తుకొస్తే రానివ్వండి. మరుసటి రాత్రి మళ్లీ చదవండి.