చీటీ పాడి గ్రాఫిక్స్ కార్డు కొనమంటారా?

ప్రశ్న: నా వయసు 25. హైదరాబాద్‌లో కాంట్రాక్టు మీద టెస్టింగ్ ఉద్యోగం. చేతికి 36,000 వస్తుంది. నిజాంపేటలో ముగ్గురం కలిసి రూములో ఉంటున్నాం. ఇంటికి 10,000, అద్దె, తిండి 8,500, చీటీ 5,000, ఇతర ఖర్చులు 6,500 పోగా 6,000 మిగులుతుంది. బ్యాంకులో 58,000 ఉంది. నా కంప్యూటర్‌లో రైజన్ 5 3600 ప్రాసెసరు, జీటీఎక్స్ 1650 గ్రాఫిక్స్ కార్డు, 450 వాట్ల ఎస్‌ఎంపీఎస్ (లోపలి భాగాలకు కరెంటు ఇచ్చే పెట్టె) ఉన్నాయి. మానిటర్ 75 హెర్ట్జ్ ఫుల్ హెచ్‌డీ. ఆర్‌టీఎక్స్ 5060 టీఐ 16 జీబీ కార్డు కొనాలని ఉంది, 48,000 చెప్పారు. 12 నెలల నో కాస్ట్ ఈఎంఐలో తీసుకోనా, లక్ష రూపాయల చీటీ పాడేసుకోనా? 20 నెలల చీటీలో ఇంకా 6 నెలలు మిగిలింది. పోయిన నెల పాట 14,000 దాకా వెళ్లింది. చీటీ డబ్బుతో ఊళ్లో ఇంటికి రేకులు మార్పించాలని నాన్న అనుకుంటున్నారు. సికింద్రాబాద్ పార్క్‌లేన్ కంప్యూటర్ షాపుల్లో ఆర్‌ఎక్స్ 6600 కార్డు అయితే 20,500కి, వాడిన 3060 12 జీబీ కార్డు 15,000కి ఇస్తామన్నారు.

జవాబు: ముందు చీటీ సంగతి తేల్చేద్దాం. మీరు రాసినదాంట్లో నన్ను కంగారు పెట్టింది అదొక్కటే.

ఈ నెల 14,000కి పాడుకుంటే మీ చేతికొచ్చేది 86,000. చివరిదాకా ఆగితే, కంపెనీ కమీషన్ 5 శాతం అనుకుంటే, 95,000. (2019 సవరణ తర్వాత చట్టం 7 శాతం దాకా ఒప్పుకుంటుంది. మీ ఒప్పందపత్రంలో ఎంత రాసుందో చూసుకోండి.) అంటే ఆరు నెలలు ఓపిక పట్టలేనందుకు 9,000 వదులుకుంటున్నారు. పాడుకున్నాక కూడా మిగిలిన కంతులు కట్టాల్సిందే, పైగా జామీను అడుగుతారు. కాంట్రాక్టు ఉద్యోగికి జామీను నిలబడేదెవరు? మళ్లీ నాన్నగారో, రూములో ఫ్రెండో. రేకుల కోసం దాచిన డబ్బుని ఆటల కార్డు కోసం పాట పెట్టొద్దు.

ఈఎంఐ అంత ప్రమాదమేమీ కాదు, అలాగని ఉచితమూ కాదు. సున్నా వడ్డీ అనేదే ఉండదని 2013లోనే రిజర్వ్ బ్యాంకు బ్యాంకులకు చెప్పింది. జరిగేదేమిటంటే, వడ్డీ ఎంతవుతుందో అంత మొత్తాన్ని ముందే ధరలో తగ్గించి, నెలనెలా వడ్డీ పేరుతో మళ్లీ వసూలు చేస్తారు. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ మాత్రం మీ నెత్తినే. 16 శాతం వడ్డీ లెక్కన 48,000 మీద అది 700 చిల్లర. ప్రాసెసింగ్ ఫీజు కలిపితే దాదాపు 940. ఆ 940కి భయపడనక్కర్లేదు. ఒక్క నెల జీతం లేటై క్రెడిట్ కార్డు బిల్లు పూర్తిగా కట్టలేకపోతే నెలకు మూడు, మూడున్నర శాతం వడ్డీ పడుతుంది, అదీ అసలు భయం. మీకు మిగిలేదే 6,000. అందులో 4,000 ఏడాది పాటు బిగిసిపోతే, మధ్యలో కాంట్రాక్టు అయిపోయిన నెల ఎలా గడుస్తుందో ఒకసారి ఆలోచించండి.

ఇక గ్రాఫిక్స్ కార్డు. నేను ఆటలు ఆడను గానీ, ఈ ప్రశ్న అడిగేవాళ్లు ఎక్కువయ్యాక మా మేనల్లుడి దగ్గర కూర్చుని నేర్చుకున్నాను. మీ మానిటర్ సెకనుకు 75 ఫ్రేములే చూపిస్తుంది. కార్డు 140 గీసినా మీ కంటికి కనిపించేవి ఆ 75. అంత పెద్ద కార్డు పెట్టాక 2019 నాటి 3600 ప్రాసెసరు చాలా ఆటల్లో దాన్ని వెనక్కి లాగుతుంది. అప్పుడు ప్రాసెసరు మార్చాలనిపిస్తుంది, తర్వాత 144 హెర్ట్జ్ మానిటర్. ఇంకో చిక్కు: 5060 టీఐ 180 వాట్లు లాగుతుంది, కంపెనీ 600 వాట్ల ఎస్‌ఎంపీఎస్ పెట్టమంటుంది. మీది 450. మంచి ఎస్‌ఎంపీఎస్‌కి ఇంకో ఐదారు వేలు వేసుకోండి. కొత్త ఆటల్ని అన్ని సెట్టింగులూ పైకి పెట్టి ఆడాలంటే 16 జీబీ మెమరీ పనికొస్తుంది, కాదనను. ఫుల్ హెచ్‌డీలో బొమ్మల నాణ్యత (టెక్స్చర్లు) ఒక మెట్టు దించితే 8 జీబీతో సర్దుకోవచ్చు.

వాడిన 3060 కూడా ఊరిస్తుంది. 15,000కి 12 జీబీ మరి. అదీ 170 వాట్ల కార్డే కాబట్టి ఎస్‌ఎంపీఎస్ ఖర్చు తప్పదు. దాని పూర్వజన్మ ఏమిటో కూడా మనకు తెలియదు. 2022 సెప్టెంబర్‌లో ఇథీరియం అనే క్రిప్టో కరెన్సీ పద్ధతి మార్చుకుని మైనింగ్ (కార్డులతో లెక్కలు చేయించి నాణేలు సంపాదించడం) ఆపేశాక, అందులో రాత్రింబవళ్లు నలిగిన కార్డులు కుప్పలుగా అమ్మకానికొచ్చాయి. మా మేనల్లుడు అలాంటిదే 11,000 పెట్టి తెచ్చుకున్నాడు. కొన్న రోజు షాపులో తెర మీద బొమ్మ వచ్చింది కదా అని సరిపెట్టుకున్నాడు. రెండో నెలలో స్క్రీన్ మీద పచ్చ గళ్లు. బిల్లు ఎవరిదో పేరు మీద ఉంది, వారంటీ గడువు అప్పటికే దాటింది, షాపతను గుర్తుపట్టనట్టు మాట్లాడాడు. ఎవరైనా నమ్మకస్తుడు అసలు బిల్లుతో ఇస్తే తప్ప, మీ బడ్జెట్లో ఉన్నవాళ్లు అటు పోవద్దంటాను. 15,000 పోయినా పర్లేదనుకునేవాళ్ల బేరం అది.

నన్నడిగితే 6600. 2021లో వచ్చిన కార్డు, 8 జీబీ, 132 వాట్లు. తయారీదారే 450 వాట్ల ఎస్‌ఎంపీఎస్ చాలంటున్నాడు. మీ మానిటర్‌కి సరిగ్గా సరిపోతుంది. మనసు 5060 టీఐ మీదే ఉంటుందని తెలుసు, ఈ మాట కొంచెం చప్పగానే ఉంటుంది.

ఆ 20,500 ఎక్కడినుంచి? బ్యాంకులో ఉన్న 58,000 నుంచి మాత్రం కాదు. చీటీతో కలిపి మీ నెల ఖర్చు 30,000, అంటే అది రెండు నెలలకు కూడా చాలదు. వచ్చే జీతం నుంచి నెలకు 5,500 చొప్పున వేరే ఖాతాలో వేయండి. నాలుగు నెలల్లో 22,000. యూపీఐలోనో నగదుగానో కట్టండి, స్వైప్ చేస్తే 2 శాతం అదనం అడిగే షాపులున్నాయి. పాత 1650 అమ్మితే వచ్చింది కూడా ఆ 58,000లోనే కలిపేయండి.

ఈలోగా ఒక శనివారం క్యాబినెట్ మూత తీసి చూడండి. చాలా 1650 కార్డులకు విడిగా కరెంటు వైరు అక్కర్లేదు, 6600కి 8 పిన్నులది కావాలి. మీ ఎస్‌ఎంపీఎస్ నుంచి 6, దాని పక్కన విడిగా 2 పిన్నులున్న వైరు వేలాడుతోందా? ఉంటే ఫొటో తీసి ఫోన్లో పెట్టుకుని పార్క్‌లేన్ వెళ్లండి. లేకపోతే షాపువాళ్లు రెండొందలకి కన్వర్టరు ఇస్తామంటారు, తీసుకోవద్దు. ఇంకో నెల ఆగి ఎస్‌ఎంపీఎస్ కూడా మార్చండి. బిల్లు మీ పేరున, కార్డు సీరియల్ నంబరుతో రాయించుకోండి.