కొయ్య ఓడ నమూనాలు కడుతున్నవారి సందేహాలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఓడ పొట్టకు బద్దలు వెయ్యడం గురించే. అందుకని ఆ జవాబు కాస్త పొడుగ్గా ఇచ్చాం.

ప్రశ్న: కొయ్యపనిలో పెద్దగా అనుభవం లేదు. మూడు మాస్టులు (తెరచాపలు మోసే స్తంభాలు), మూడు వరసల ఫిరంగులున్న యుద్ధనౌక మీద మనసుపడింది. దానితోనే మొదలుపెట్టవచ్చా?

జవాబు: ఆ ఓడను వదులుకోనక్కర్లేదు కానీ, మొదటి ఓడగా వద్దు. పెద్ద యుద్ధనౌకలో చేసిన పనే మళ్లీ మళ్లీ చెయ్యాల్సి వస్తుంది. 1765లో నీటిలోకి దిగిన బ్రిటిష్ నౌక విక్టరీకి 104 ఫిరంగులు. ఒక్కో ఫిరంగికీ ఒక బండి, నాలుగు చక్రాలు, అటూ ఇటూ కప్పీలు, పేలినప్పుడు వెనక్కి పోకుండా పట్టే మోకు కావాలి. చోటు సంగతి కూడా ఆలోచించండి. ఆ ఓడ పొడవు దాదాపు 69 మీటర్లు, అంటే 1:64 స్కేలులో మీటరు దాటుతుంది. ముందుకు పొడుచుకొచ్చే బౌస్ప్రిట్ దీనికి అదనం.

ఒకటి రెండు మాస్టుల ఓడ తీసుకోండి. కట్టర్, స్కూనర్, బ్రిగ్ ఏదైనా సరే. ముక్కు కోసుగా ఉన్న స్కూనరైతే బద్దలు సులువుగా వంగుతాయి. ముక్కు గుండ్రంగా, బుగ్గలు ఉబ్బి ఉన్న ఓడల దగ్గరే కొత్తవాళ్లు చిక్కుకుంటారు. కిట్ కొనేటప్పుడు పొట్టకు రెండు పొరలు ఉన్నదే చూసుకోండి. లోపలి పొర 1.5 మి.మీ. మందంలో బాస్‌వుడ్, లైమ్ లాంటి మెత్తని కొయ్యది ఉంటుంది, పైపొర 0.5 నుంచి 1 మి.మీ. మందంలో మంచి కొయ్య. లోపలి పొరలో జరిగిన తప్పులను గరుకు కాగితంతో సరిచేసుకోవచ్చు, పైపొర వాటిని కప్పేస్తుంది. ఒకే పొర ఉన్న ఓడలో ఆ అవకాశం లేదు.

స్కేలు లెక్క ముందే కంఠతా వచ్చేస్తే మంచిది. అసలు ఓడలో ఒక అడుగు 1:48లో 6.35 మి.మీ., 1:64లో 4.76 మి.మీ., 1:96లో సుమారు 3.2 మి.మీ. అవుతుంది.

ప్రశ్న: కిట్‌లో వచ్చిన ప్లైవుడ్ కీల్ (ఓడకు వెన్నెముక లాంటి పొడవు పలక) 3 మి.మీ. దాకా వంగి ఉంది. బద్దలు వేస్తే అదే సర్దుకుంటుందని విన్నాను. నిజమేనా?

జవాబు: సర్దుకోదు, ఆ వంకర అలాగే బిగుసుకుపోతుంది. ఆ 3 మి.మీ. తరవాత డెక్ (ఓడ పైతట్టు) మధ్యగీతలో కనిపిస్తుంది, మాస్టులు ఒక వరసలో నిలబడకపోవడంలో కనిపిస్తుంది. అప్పుడు చెయ్యగలిగేది ఏమీ ఉండదు.

కీల్‌ను రెండువైపులా తడిగుడ్డతో తుడిచి, రెండు తిన్నని పలకల మధ్య పెట్టి బిగించి, రెండు రోజులు కదపకండి. విప్పాక కంటి ఎత్తుకు పట్టుకుని ఒక కొస నుంచి చూడండి. తిన్నగా వచ్చిందనిపిస్తే వెంటనే పొట్టకు ఆకారమిచ్చే అడ్డుపలకలు దానిమీద నిలబెట్టండి. ప్రతి అడ్డుపలకా కీల్‌కు లంబంగా ఉందో లేదో మూలమట్టంతో చూసుకుంటూ, వాటి మధ్య ఖాళీల్లో ఒకే కొలతకు కోసిన కొయ్యముక్కలు అతికించండి. ఆ ముక్కలు ఉంటే కీల్ మళ్లీ వంగదు. బద్దలు వేసేటప్పుడు కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి చొప్పున వెయ్యండి. ఒక పక్క పూర్తిచేసి రెండో పక్కకు వెళితే, తిన్నగా ఉన్న కీల్‌ను కూడా ఆ బద్దలే లాగి వంచేస్తాయి.

లేజర్‌తో కోసిన ముక్కల అంచులు నల్లగా మాడి ఉంటాయి. అతికించే చోట ఆ మసిని గీకెయ్యండి, దానిమీద జిగురు గట్టిగా పట్టదు.

ప్రశ్న: మధ్యలో బద్దలు చక్కగా కూర్చున్నాయి. ముక్కు దగ్గరికి వచ్చేసరికి ఒకదానిమీద ఒకటి ఎక్కుతున్నాయి, అంచులు లేస్తున్నాయి. ఏడు బద్దలు వేసి ఆపేశాను. ఎక్కడ తప్పింది?

జవాబు: ఆపేసి మంచి పని చేశారు. బద్దలను సన్నంచెయ్యకుండా, వచ్చిన వెడల్పుతోనే వేసినట్టున్నారు.

ఓడ పొట్ట మధ్యలో లావు, ముక్కు దగ్గర సన్నం. మధ్య అడ్డుపలక అంచు వెంబడి, పై బద్ద నుంచి కీల్ దాకా 100 మి.మీ. ఉందనుకోండి. 5 మి.మీ. బద్దలు అక్కడ 20 పడతాయి. అదే కొలత ముక్కు దగ్గర 60 మి.మీ. మాత్రమే ఉంటే, ఆ 20 బద్దలూ అందులోనే ఇమడాలి. అంటే ఒక్కోటి అక్కడ 3 మి.మీ. వెడల్పే ఉండాలి. మిగతా 2 మి.మీ. చెక్కెయ్యకపోతే బద్ద పక్కదానిమీదికి ఎక్కుతుంది.

అయితే బద్ద వేసే ముందు కొలతలు తీసుకోవాలి. సన్నని కాగితం పట్టీని ఒక్కో అడ్డుపలక అంచు మీద పరిచి, పై బద్ద నుంచి కీల్ దాకా గుర్తుపెట్టి కత్తిరించండి. ఆ పొడవును 20తో భాగించి, వచ్చిన వెడల్పును అదే అడ్డుపలక మీద పెన్సిల్‌తో రాసుకోండి. మధ్యలో 5, తరవాత 4.6, ఆ తరవాత 4, ముక్కు దగ్గర 3 అని మొత్తం వరస కనిపిస్తుంది. బద్దను ఆ అడ్డుపలకల మీద ఆనించి, ఎక్కడెక్కడ ఎంత వెడల్పు ఉండాలో గుర్తుపెట్టి, ఆ చుక్కలను కలుపుతూ ఉక్కు స్కేలు ఆనించి కత్తితో కొయ్యండి. చిన్న చిత్రికతో అంచు నున్నగా చెయ్యండి. కుడి, ఎడమ బద్దలు రెండింటినీ కలిపి బిగించి ఒకేసారి చెక్కితే రెండు పక్కలూ ఒకేలా వస్తాయి. ప్రతి ఐదారు బద్దలకూ మిగిలిన చోటును మళ్లీ కొలిచి, మిగిలిన బద్దల సంఖ్యతో భాగించండి. అర మిల్లీమీటరు తేడా ఉన్నప్పుడే దొరికితే పంచెయ్యవచ్చు.

ఏ బద్దనూ సగం వెడల్పు కంటే సన్నం చెయ్యకండి. 5 మి.మీ. బద్దకు 2.5 హద్దు. లెక్కలో అంతకంటే తక్కువ వస్తే, రెండు బద్దలు ఒకచోట ఆగి, అక్కడినుంచి ఒకే బద్ద ముందుకు సాగేలా అమర్చాలి. దీన్ని డ్రాప్ ప్లాంక్ అంటారు. వెనకభాగంలో దీనికి తలకిందులుగా జరుగుతుంది. అక్కడ బద్దలు విసనకర్రలా విచ్చుకుని మధ్యలో ఖాళీలు పడతాయి. వాటిలో స్టీలర్ అనే కోసు ముక్క దూర్చాలి. ఖాళీ పూడ్చడానికి బద్దను పక్కకు గుంజకండి. కొయ్య బద్ద వెడల్పు మొహం మీద వంగుతుంది కానీ అంచు మీద వంగదు. బలవంతం చేస్తే రెండో అంచు పైకి లేస్తుంది. మీరు చూస్తున్న లేచిన అంచులు అవే.

చాలామంది గమనించని ఇంకో తప్పు ఉంది. కీల్ పక్కన వేసే మొదటి బద్దను ముక్కు మీదికి ఎక్కించేస్తారు. అది పైకి పాకితే పైనుంచి వచ్చే బద్దలకు చోటు ఉండదు. దాన్ని ముక్కు వంపు మొదలయ్యే చోటే ఆపాలి. అడ్డుపలకల అంచులను ఏటవాలుగా చెక్కారో లేదో కూడా చూడండి. పొడవాటి బద్దను మూడు నాలుగు అడ్డుపలకల మీద ఆనిస్తే ప్రతిదాని అంచూ పూర్తి మందంతో తగలాలి. ఒక్క మూల మాత్రమే తగులుతుంటే ఇంకా చెక్కాలి.

ఇప్పటికి వేసినవాటిలో చివరి రెండు మూడు బద్దలు ఊడదీయండి. కొయ్యపనికి వాడే తెల్ల జిగురైతే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ను కుంచెతో రాసి పది నిమిషాలు ఆగితే మెత్తబడుతుంది. మీది రెండు పొరల ఓడైతే ముందువాటిని అలాగే వదిలేసి, ఎత్తుపల్లాలను 80, తరవాత 120 నంబరు గరుకు కాగితంతో సమం చేసుకోవచ్చు.

ప్రశ్న: బద్దలు అతికించిన రోజు సందు లేకుండా ఉన్నాయి. వారానికి సన్నని చీలికలు కనిపించాయి. జిగురు తప్పా?

జవాబు: తడి బద్ద తప్పు. నీళ్లలో నానిన కొయ్య అడ్డంగా ఉబ్బుతుంది. ఆ ఉబ్బిన బద్దలను ఒకదానికొకటి ఆనించి అతికిస్తే, ఆరాక ప్రతిదీ తన వెడల్పుకు తిరిగి వస్తుంది. ఒక్కో బద్ద 0.2 మి.మీ. కుంచించుకున్నా, 20 బద్దలకు 4 మి.మీ. చీలిక పడుతుంది.

కొయ్యను వంచేది వేడి. నీరు ఆ వేడిని లోపలికి చేర్చడానికే. 20 నిమిషాలు నానబెట్టి, వేడి ఇస్త్రీపెట్టె కొసతోనో, జుట్టు ఆరబెట్టే యంత్రంతోనో వేడిచేస్తూ వంచి, ఆ వంపులోనే ఓడమీద బిగించి రాత్రంతా ఆరనివ్వండి. పొద్దున విప్పి, పొడిగా ఉన్నప్పుడు జిగురు పెట్టండి.

ప్రశ్న: డెక్ పలకల మధ్య తారు గీతల కోసం అంచులకు పెన్సిల్ రాశాను. సాండింగ్ చేసేసరికి డెక్ అంతా బూడిదరంగుకు తిరిగింది.

జవాబు: గ్రాఫైట్ పొడి కొయ్య రంధ్రాల్లోకి దిగింది. ఇక గరుకు కాగితం వాడకండి, ఇంకా రుద్దుకుపోతుంది. పదునైన బ్లేడును నిలువుగా పట్టుకుని పలక పొడవునా పల్చగా గీకండి. ఆ పైపొరతోపాటు మరక కూడా వచ్చేస్తుంది. మళ్లీ చేసేటప్పుడు ప్రతి పలకకూ ఒక అంచుకే 2బి పెన్సిల్ రాయండి. రెండు అంచులకూ రాస్తే గీత మరీ లావుగా పడుతుంది. మార్కర్ పెన్ను సిరా కొయ్య నారలోకి పాకుతుంది, దాని జోలికి వెళ్లొద్దు.

పలకల కొలతలు కూడా చూసుకోండి. అసలు ఓడలో 10 అంగుళాల వెడల్పు, 24 అడుగుల పొడవున్న పలక 1:64లో 4 మి.మీ. వెడల్పు, 114 మి.మీ. పొడవు ఉంటుంది. డెక్ పొడవునా ఒకే బద్ద వేస్తే బొమ్మలా కనిపిస్తుంది. అతుకులు డెక్ కింది దూలాల మీదే పడాలి. ఒకే దూలం మీద ఉన్న రెండు అతుకుల మధ్య మూడు పలకలైనా ఉండేలా అమర్చండి.

ప్రశ్న: వార్నిష్ వేశాక పొట్టమీద అక్కడక్కడ తెల్లని మచ్చలు తేలాయి.

జవాబు: వెంటనే పట్టే సయనో జిగురు మరకలు అవి. అది కొయ్య రంధ్రాలను మూసేస్తుంది, ఆ చోట వార్నిష్ ఇంకదు. ఆ మేరకు గరుకు కాగితంతో కొయ్య తేలేదాకా తీసి మళ్లీ వెయ్యాలి. కానీ 0.5 మి.మీ. పైపొర మీద జాగ్రత్త, అవతలికి వెళ్లిపోతారు. పైకి కనిపించే పొరకు తెల్ల జిగురే మేలు.

ప్రశ్న: తాళ్లు కట్టాక పెద్ద మాస్ట్ వెనక్కి వంగింది. పక్కతాళ్ల మీద నిచ్చెనలా కట్టే అడ్డతాళ్లు నడుము దగ్గర లోపలికి లాగేశాయి.

జవాబు: రెండింటికీ కారణం బిగింపే. మాస్ట్‌ను పక్కలనుంచి పట్టే ష్రౌడ్లు మాస్ట్‌కు కొంచెం వెనకగా దిగుతాయి కాబట్టి దాన్ని వెనక్కి కూడా గుంజుతాయి. దానికి ఎదురు లాగేది ముందుకు వెళ్లే తాడు, అంటే స్టే. మాస్ట్ తలమీద తొడగడంలో ష్రౌడ్లు ముందు వస్తాయి. కుడివైపు ముందరి జత, తరవాత ఎడమవైపు జత, అలా మార్చి మార్చి తొడుగుతారు. స్టే వాటిమీద పడుతుంది. బిగించేటప్పుడు మాత్రం అన్నిటినీ కొద్దికొద్దిగా, కలిపి బిగించండి. మూడు కన్నాల డెడ్‌ఐ బిళ్లల్లోంచి తిరిగే సన్నతాళ్లకు, స్టే కూడా కట్టి మాస్ట్ నిలువు చూసుకునేదాకా జిగురు పెట్టకండి. మీరు ఇంకా పెట్టకపోతే ష్రౌడ్లు వదులుచేసి, స్టే బిగించి, మళ్లీ మొదలుపెట్టవచ్చు. పైబిళ్లకూ కిందిబిళ్లకూ మధ్య ఎడం అన్నిచోట్లా ఒకటే రావడానికి, రెండు కొసలూ వంచిన గట్టి తీగను కన్నాల్లో దూర్చి, ష్రౌడ్ కట్టడం అయ్యాక తీసెయ్యండి.

అడ్డతాళ్లను అంటే రాట్‌లైన్లను లాగి బిగించకూడదు. దారం రెండు ష్రౌడ్ల మధ్య రవ్వంత వేలాడాలి. వాటి మధ్య దూరం అసలు ఓడలో సుమారు 13 అంగుళాలు, 1:64లో 5 మి.మీ. పైచిలుకు. తెల్ల కాగితం మీద ఆ దూరంలో గీతలు గీసి ష్రౌడ్ల వెనక నిలబెట్టండి. కింది నుంచి వరసగా కట్టుకుంటూ పోకుండా, ముందు ప్రతి ఐదో వరస కట్టండి. ష్రౌడ్ల ఎడం నిలబడుతుంది, మధ్యవి తరవాత నింపుకోవచ్చు. ఇప్పటికే నడుము సన్నబడినవాటిని కత్తిరించి మళ్లీ కట్టడమే దారి.

దారం లావు గురించి కూడా చాలామంది పొరబడతారు. పాత బ్రిటిష్ పట్టికల్లో తాడు కొలత దాని చుట్టుకొలత, వ్యాసం కాదు. 6 అంగుళాల తాడు అంటే వ్యాసం 48 మి.మీ., 1:64లో 0.76 మి.మీ. దారం. 3.14తో భాగించడం మరిచిపోతే ఓడంతా మోకులతో నిండిపోతుంది. కదలకుండా ఉండే తాళ్లకు తారు పూసేవారు కాబట్టి వాటికి ముదురు గోధుమరంగు వాడండి. తెరచాపలను నడిపే తాళ్లకు లేత జనుపరంగు. నిక్కమైన నలుపు ఏ ఓడమీదా బాగుండదు.

ప్రశ్న: తెరచాపలు కట్టాలా, వద్దా?

జవాబు: వదిలెయ్యడం తప్పేమీ కాదు. చాలా మంచి ఓడలు ఉత్త కొయ్యలు, తాళ్లతోనే నిలబడతాయి. కట్టేటట్టయితే గుడ్డ నేత దగ్గర శ్రద్ధ పెట్టండి. మామూలు నూలుగుడ్డ పోగులు 1:64లో తాళ్లంత లావుగా కనిపిస్తాయి. దొరికినంతలో దట్టమైన, పల్చని నేత తీసుకోండి. కుట్లు వెయ్యకండి. బ్రిటిష్ నౌకాదళం వాడిన తెరచాప గుడ్డ వెడల్పు 24 అంగుళాలు, అంటే 1:64లో 9.5 మి.మీ. ఆ ఎడంలో పెన్సిల్‌తో పల్చగా గీతలు గీస్తే చాలు. చుట్టిన తెరచాప కావాలంటే నిలువు పొడవులో మూడోవంతు గుడ్డే వాడండి. పూర్తి గుడ్డ చుడితే పరుపు చుట్టలా ఉంటుంది.

ప్రశ్న: గాజుపెట్టెలో పెట్టిన పాత ఓడ ఫిరంగుల మీద తెల్లని పొడి పడుతోంది. తుడిచినా మళ్లీ వస్తోంది.

జవాబు: ఫిరంగులు సీసంతో పోతపోసినవి అయ్యుంటాయి. ఓక్, ప్లైవుడ్, ఎండీఎఫ్ (కొయ్యనారను అదిమి చేసే పలక) లాంటివాటి నుంచి ఆమ్లపు ఆవిరి మెల్లగా వస్తూనే ఉంటుంది. గాలి ఆడని పెట్టెలో అది పోగై సీసాన్ని తినేస్తుంది. ఆ పొడి విషం. ఊదకండి, వట్టి చేత్తో తుడవకండి. చేతితొడుగులు, మాస్కు వేసుకుని తడిగుడ్డతో తీసి, ఆ ఫిరంగులను తీసేసి ఇత్తడివో సీసం లేని తగరపు మిశ్రమానివో పెట్టండి. రంగు పూసి ఆపాలని చూడకండి, కింద అది తింటూనే ఉంటుంది. పెట్టె అడుగుపలకలో ఎదురెదురు మూలల్లో 6 మి.మీ. కన్నాలు రెండేసి బరమాతో వేసి, దుమ్ము రాకుండా సన్నని జాలీ అతికించండి. ఎండ నేరుగా పడే కిటికీ పక్కన మాత్రం పెట్టొద్దు, తాళ్ల రంగు ముందు పోతుంది.