చేపల పులుసు ఊళ్లో చేప కోసం ఏడిస్తే

ప్రశ్న: అక్కా, మాది ఇందుకూరుపేట పక్కన పల్లె. ఆయన రొయ్యల గుంటల మీద సూపర్‌వైజర్. ఆరేళ్ల కిందట నెల్లూరు నుంచి మా బాబుకి ఒక గోల్డ్‌ఫిష్ తెచ్చాం. అప్పటికి వాడికి మూడేళ్లు. గుండ్రంగా ఉందని లడ్డూ అని వాడే పేరు పెట్టాడు. పోయిన నెల దాని పొట్ట ఉబ్బింది, తర్వాత పొలుసులన్నీ పనసకాయ ముళ్లలా పైకి లేచాయి, కళ్లు బయటికి పొడుచుకొచ్చాయి. కల్లుప్పు వేశాను, ఎప్సం సాల్ట్ వేశాను, చేపల దుకాణం అతను ఇచ్చిన నీలం మందు వేశాను. ఇరవై రోజులైనా తగ్గలేదు. చివరి నాలుగు రోజులు మేత ముట్టకుండా అడుగున పక్కకి ఒరిగి మొప్పలు మాత్రం ఆడిస్తూ పడి ఉంది. మా అత్త స్వర్ణాల చెరువులో వదిలేసి రమ్మంది, దుకాణం అతను ఫ్రీజర్‌లో పెట్టేయమన్నాడు. నాకు రెండూ మనసొప్పలేదు. ఫోన్‌లో చదివి, మెడికల్ షాపులో పంటినొప్పికి అమ్మే లవంగ నూనె తెచ్చి, బాబు స్కూలుకి పోయాక స్టీలు గిన్నెలో నేనే ఆ పని చేశాను. నందివర్ధనం చెట్టు కింద పాతిపెట్టాను. బాబుకి మాత్రం అదే చచ్చిపోయిందని చెప్పాను. వాడు రెండు రోజులు ఏడ్చి, నేను మేత ఎక్కువేసినందుకేనా అమ్మా అని అడిగాడు, కాదులే అన్నాను. మా అత్తేమో "చేపకి ఏడ్చేదేందమ్మే, పులుసులో వేసేటప్పుడు ఎవురన్నా ఏడుస్తారా" అంటుంది. ఆయనేమో అరవై రూపాయల చేప, దానికి నొప్పేంది అంటాడు. మొన్న ఆదివారం పలావులో లవంగాలు వేయబోతే చెయ్యి రాలేదు. నేను చేసింది హత్యేనా? ఇంకో వారం ఆగి ఉంటే బతికేదా?
(ఒక సోదరి, నెల్లూరు జిల్లా)

జవాబు: అక్కా అన్నావు కాబట్టి నువ్వు అనే అంటాను చెల్లీ. ముందు ఆ ఇంకో వారం సంగతి తేల్చేద్దాం, రాత్రిళ్లు నిన్ను పీక్కుతింటున్నది అదేనని ఉత్తరం చూస్తేనే తెలుస్తోంది. బతికేది కాదు. మంచినీటి చేప ఒంట్లోకి మొప్పల్లోంచి, చర్మంలోంచి నీళ్లు ఎప్పుడూ దిగుతూనే ఉంటాయి, వాటిని కిడ్నీలు బయటికి తోడుతుంటాయి. ఆ తోడటం ఆగిపోతే నీళ్లు లోపలే నిండి పొట్ట ఉబ్బుతుంది, ఆ ఒత్తిడికి పొలుసులు లేస్తాయి, కళ్లు బయటికి వస్తాయి. డ్రాప్సీ అంటారు దీన్ని. ఇది ఒక జబ్బు పేరు కాదు, లోపల పాడైనదాని గుర్తు. పొట్ట కాస్త ఉబ్బినప్పుడే పట్టుకుంటే కొన్ని తేరుకుంటాయి. పొలుసులు పనసకాయలా లేచి, మేత మానేసి, పక్కకి ఒరిగాక తేరుకునేవి అరుదు. నువ్వు వేసిన ఎప్సం సాల్ట్ వాపు కాస్త తీస్తుంది, కిడ్నీని తిరిగి తేదు. నన్నడిగితే నువ్వు తొందరపడలేదు, నాలుగు రోజులు ఆలస్యం చేశావు, అంతే.

ఆ మాట అనే అర్హత నాకుంది. ఒంగోల్లో మా ఇంట్లో ఒక ఏంజెల్ చేప ఉండేది. అది ఒక పక్కకి వాలిపోయి, నీటిపైకి వచ్చి నోరు తెరిచి గాలి మింగుతుంటే, రేపు చూద్దాం రేపు చూద్దాం అని పదకొండు రోజులు చూశాను. రోజూ పొద్దున లేవగానే తొట్టి దగ్గరికి పోయి, రాత్రే పోయుంటే బాగుండు అనుకునేదాన్ని, కదులుతూ కనపడితే మళ్లీ ఆశ. పన్నెండో రోజు అది పోతే నాకు ఏడుపు రాలేదు, హమ్మయ్య అనిపించింది. ఆ హమ్మయ్యకి ఇప్పటికీ సిగ్గుపడతాను. నేను మంచిదాన్ననిపించుకోవడానికి ఆ పదకొండు రోజుల భారం దాని మీద వేశాను కదా. నువ్వా పని చేయలేదు.

చెరువులో వదలకపోవడం మంచి పని. గోల్డ్‌ఫిష్ మన చెరువుల చేప కాదు, పైగా దాని ఒంట్లో ఉన్న రోగం దానితోపాటే చెరువులోకి పోతుంది. ఫ్రీజర్ సంగతి సరేసరి, మెల్లగా గడ్డకట్టించడం మత్తు కాదు, శిక్ష. గోల్డ్‌ఫిష్ చల్లని నీళ్లకి తట్టుకునే జాతి కాబట్టి ఇంకా ఎక్కువసేపు నరకం. టాయ్‌లెట్‌లో వేసి నీళ్లు కొట్టడం, ఒడ్డున పడేయడం కూడా అంతే. లవంగ నూనెలో యూజినాల్ ఉంటుంది, పంటి డాక్టర్లు వాడేదీ అదే, చేపకి అది మొప్పల గుండా ఎక్కి మత్తవుతుంది. ఇది చదివే వాళ్లలో ఇలాంటి రోజు ఎదురుగా ఉన్నవాళ్లు ఎవరైనా ఉంటారు కాబట్టి పద్ధతి కూడా చెప్తాను. నూనె నీళ్లలో ఊరికే కలవదు, పైన తేలుతుంది, చిన్న సీసాలో కాసిని గోరువెచ్చని నీళ్లు పోసి అందులో నూనె వేసి పాలలా తెల్లబడే దాకా గిలక్కొట్టాలి. చేపని తొట్టి నీళ్లతోనే గిన్నెలోకి తీసుకుని, ముందు ఆ పాలు కొద్దికొద్దిగా పోయాలి, అది వెల్లకిలా తిరిగి ముట్టుకున్నా కదలనప్పుడు మిగతాది పోయాలి, మొత్తం మీద లీటరు నీళ్లకి అర మిల్లీ నూనె దాకా. మొప్పలు ఆగిన వెంటనే తీయకూడదు, కనీసం పది నిమిషాలు, నా మాటైతే అరగంట ఉంచాలి, మత్తు తగ్గి మళ్లీ లేచిందంటే అంతకన్నా ఘోరం లేదు.

ఇక మీ అత్తగారి పులుసు. మన జిల్లాల్లో పుట్టినవాళ్లం, మామిడికాయ ముక్కలు వేసిన చేపల పులుసు మర్నాటికి ఇంకా రుచి అని చెప్పుకునేవాళ్లం, నేనూ తింటాను, మానను. అయినా కూరకి తెచ్చిన చేపా, ఆరేళ్లు పొద్దున్నే నీ వేలు చూసి గాజు దగ్గరికి వచ్చిన చేపా ఒకటి కావు. ఇందులో ఎవరూ ఎవరికీ సంజాయిషీ చెప్పక్కర్లేదు. ఆమెతో వాదించకు, ఆదివారం పులుసు పెడితే తిను.

మీ ఆయనకి మాత్రం రెండు మాటలు చెప్పొచ్చు. 2003లో స్కాట్లాండ్‌లో లిన్ స్నెడన్ అనే శాస్త్రవేత్త బృందం ట్రౌట్ చేపల పెదవుల్లోకి తేనెటీగ విషం, వెనిగర్‌లో ఉండే ఆమ్లం ఎక్కించి చూసింది. ఆమ్లం ఎక్కినవి పెదవుల్ని అడుగున రాళ్లకేసి రుద్దుకున్నాయి, రెండు రకాలవీ మామూలు చేపలకన్నా చాలా ఆలస్యంగా మేతకి వచ్చాయి. నొప్పిని పట్టే నరాలు వాటి తలలో ఉన్నాయనీ చూపించారు. దాని మీద వాదనలు ఇంకా నడుస్తున్నాయి కానీ, చేపకి నొప్పేంది అని చేయి దులుపుకునే కాలం పోయింది. రెండో మాట ఇంకా దగ్గరిది. 1994-95లో రొయ్యలకి తెల్లమచ్చ రోగం వచ్చి మన జిల్లాలో గుంటలకి గుంటలు పోయినప్పుడు పెద్దవాళ్లు ఎలా ఉన్నారో ఆయన వినే ఉంటాడు. ఇప్పటికీ గుంటలో రొయ్య గట్టుకి చేరి తేలితే ఆ రాత్రి ఆయన అన్నం తింటాడా? అప్పుకోసమే అంటాడు, అననివ్వు. గట్టు మీద టార్చి వేసి నిలబడ్డ మనిషి ముఖం నువ్వు చూసే ఉంటావు.

ఇప్పుడు అసలు సంగతి. నీ ఉత్తరంలో ఒక వాక్యం అలా రాసి ఇలా దాటేశావు. "నేను మేత ఎక్కువేసినందుకేనా అమ్మా." నువ్వు కాదులే అన్నావు సరే, మరి ఎందుకు చచ్చిపోయిందో చెప్పలేదు కదా, తొమ్మిదేళ్ల వాడు ఆ ఖాళీలో ఏం పెట్టుకుంటాడు, తన చెయ్యే పెట్టుకుంటాడు. లడ్డూని చంపింది తానేనని వాడు లోపల మోస్తున్నాడు, నువ్వేమో చంపింది నేనని మోస్తున్నావు, ఒకే ఇంట్లో ఇద్దరూ విడివిడిగా. వాడికి చెప్పు. ఫలానా రోజు చెప్పాలని టెన్షన్ పడకు, చెట్టుకి నీళ్లు పోసేటప్పుడు వాణ్ని పిలిచి, లడ్డూకి లోపల కిడ్నీలు పాడైపోయాయి, నీ మేత వల్ల కాదు, తగ్గే దారి లేదు, నొప్పితో పడి ఉంటే చూడలేక నేనే మందిచ్చి నిద్రపుచ్చాను, అది మళ్లీ లేవదు, నీకు చెప్పడానికి భయమేసి అబద్ధం చెప్పాను అను. నిద్రపుచ్చాను అని ఊరుకోకు, చచ్చిపోయింది అనే మాట కూడా వాడు, లేకపోతే వాడికి పడుకోవాలంటే భయం పట్టుకుంటుంది. కోపగించుకుంటాడేమో, నన్నెందుకు అడగలేదు అంటాడేమో. అననీ. ఆ ప్రశ్న న్యాయమైందే, దానికి నా దగ్గరా జవాబు లేదు.

లవంగాలు కొన్నాళ్లు వేయకు. పలావులో చెక్కా ఏలకులూ చాలు.

ప్రశ్న: మేడం, ఒంగోల్లో రూమ్‌లో ఉండి చదువుకుంటున్నాను. గాజు సీసాలో ఫైటర్ చేప ఉంది. మూడు రోజులుగా అడుగున పడుకుంటోంది, పొట్ట కాస్త లావుగా ఉంది, మేత వేస్తే మాత్రం లేచి వస్తోంది. బాధ పడనివ్వకుండా నేనూ ఏదో ఒకటి చేసేయాలా?
(ఒక విద్యార్థి)

జవాబు: ఆగు బాబూ! మేతకి లేచి వచ్చే చేప చావుకి సిద్ధంగా లేదు. రెండు రోజులు మేత ఆపు, నువ్వు వేసేది ఎక్కువై ఉంటుంది. సీసా నీళ్లలో మూడో వంతు తీసి, ఒక రోజు బకెట్లో పట్టి ఉంచిన నీళ్లు పోసి, పంపు నీళ్లలో క్లోరిన్ ఉంటే యాంటీక్లోర్ చుక్కలు వేయి, అవి చేపల దుకాణాల్లో దొరుకుతాయి. ఏసీ గాలి సీసా మీద పడకుండా చూడు, అది వెచ్చని నీళ్ల చేప. వీలైతే ఆ సీసా మార్చి కనీసం పది లీటర్లు పట్టే తొట్టి కొను. పైనుంచి చూసినప్పుడు పొలుసులు లేస్తున్నట్టు కనపడితే మళ్లీ రాయి. నెల్లూరు వైపు వెళ్లే పని ఉంటే ముత్తుకూరులో మత్స్య కళాశాల ఉంది, చేపల జబ్బులు చదువు చెప్పేవాళ్లుంటారు, ఫోటో తీసుకెళ్లి అడిగి చూడు.