జైలు శిక్ష కఠినంగా ఉంటే నేరాలు తగ్గుతాయా, మెతకగా ఉంటే తగ్గుతాయా?

కఠినం చేస్తే తగ్గవు. దొంగతనానికి బయల్దేరేవాడు ఆ సెక్షనుకు ఎన్నేళ్లు పడుతుందో చూసుకోడు, దొరుకుతానా లేదా అన్నదొక్కటే చూసుకుంటాడు. నిర్భయ ఘటన జరిగింది 2012 డిసెంబరులో, ఉరి అమలైంది 2020 మార్చిలో. ఈ మధ్యలో 2013లో, 2018లో అత్యాచార చట్టాన్ని రెండుసార్లు బిగించారు. ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ 2019 డిసెంబరులో అత్యాచార కేసుల్లో 21 రోజుల్లో తీర్పు అంటూ దిశ బిల్లు పాస్ చేసింది, రాష్ట్రపతి ఆమోదం రాక అది అమల్లోకే రాలేదు. టీవీ చర్చల్లో మాత్రం ఇంకా కఠిన చట్టం కావాలనే అరుస్తారు. ఫోరెన్సిక్ రిపోర్టు ఎందుకు ఆలస్యమైంది, సాక్షికి సమన్లు ఎందుకు అందలేదు అని అడిగే నాథుడు ఉండడు.

అసలు మన జైళ్లు మెతకగా ఉన్నాయని ఎవరన్నారు? జాతీయ నేర గణాంకాల సంస్థ ఎన్‌సీఆర్‌బీ 2022 లెక్కల్లో దేశం మొత్తం ఖైదీలు 5.73 లక్షలు, అందులో 4.34 లక్షల మంది విచారణ ఖైదీలే. వంద మంది ఉండాల్సిన చోట 131 మంది ఉన్నారు. ఈ నరకం ఎక్కువగా అనుభవిస్తున్నది ఇంకా నేరం రుజువు కానివాళ్లే.

పన్నెండు వేల ఫోను కొట్టేసి మొదటిసారి దొరికిన ఇరవై ఏళ్ల కుర్రాణ్ణి తీసుకోండి. ఐపీసీ బదులు వచ్చిన భారతీయ న్యాయ సంహిత, అంటే బీఎన్‌ఎస్, 303వ సెక్షన్ కింద గరిష్ఠ శిక్ష మూడేళ్లు. ఏడేళ్లలోపు శిక్ష పడే కేసు కాబట్టి సీఆర్‌పీసీ బదులు వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్ 35(3) కింద అరెస్టు చేయకుండా నోటీసు ఇచ్చి పంపవచ్చు, కానీ దొంగతనం కేసుల్లో తరచూ 14 రోజుల రిమాండుకే పంపుతారు. సాయంత్రం గిన్తీ, అంటే ఖైదీల తలల లెక్క, అయ్యాక బ్యారక్‌కు తాళం పడితే తెల్లారేదాకా తెరవరు. పక్క దుప్పటి పాత నేరస్థుడిది. దొంగ ఫోన్లు ఏ షాపువాడు కొంటాడో, ఫోను గుర్తింపు నంబరు ఐఎంఈఐని ఎవడు మారుస్తాడో ఆ రాత్రే తెలిసిపోతుంది. ఈలోగా మరో స్టేషన్ నుంచి ఇంకో ఫోను కేసులో పీటీ వారెంట్, అంటే జైల్లో ఉన్నవాణ్ణి ఆ కేసు కోర్టు ముందు హాజరుపరచమనే ఉత్తర్వు, వస్తుంది. దెబ్బ ఇక్కడే పడుతుంది. మొదటిసారి నిందితుడైనవాడు గరిష్ఠ శిక్షలో మూడో వంతు, అంటే ఈ కేసులో ఏడాది, లోపల గడిపితే విడుదల చేయాలని బీఎన్‌ఎస్‌ఎస్ 479(1) చెబుతుంది. ఒకటికి మించి కేసులు పెండింగులో ఉంటే వర్తించదని 479(2) ఆ దారి మూసేస్తుంది.

బంధువులు గుర్తుపెట్టుకోవాల్సిన తేదీ ఒకటుంది. రిమాండ్ చేసిన రోజును కూడా కలిపి 60 రోజులు నిండినా చార్జిషీటు పడకపోతే, మర్నాడు పొద్దున్నే డిఫాల్ట్ బెయిల్, అంటే గడువులోగా చార్జిషీటు వేయనందుకు హక్కుగా వచ్చే బెయిల్, కోసం పిటిషన్ వేయాలి. మధ్యాహ్నం దాకా ఆగితే, ఈలోపు చార్జిషీటు పడిందంటే ఆ హక్కు పోయినట్టే. బెయిల్ వచ్చాక జామీనుదారులు దొరకరు, దొరికినా వాళ్ల కాగితాల వెరిఫికేషన్ దగ్గర వారాలు గడుస్తాయి. బెయిలొచ్చి ఏడు రోజులైనా బయటికి రాకపోతే జైలు సూపరింటెండెంట్ జిల్లా న్యాయసేవాధికార సంస్థకు చెప్పాలని, నెలలోగా జామీను ఇవ్వలేకపోతే కోర్టు తనంతట తానే షరతు సడలించవచ్చని సుప్రీంకోర్టు 2023 జనవరిలో చెప్పింది. పేద విచారణ ఖైదీ జామీనుకు డబ్బు ఇచ్చే కేంద్ర పథకం కూడా అదే ఏడాది వచ్చింది. అడిగితే తప్ప ఎవరూ చెప్పరు, కాబట్టి కాగితం మీద రాసి అడగండి.

మరి మెతకదనం పనిచేస్తుందా అంటే, రాజస్థాన్‌లోని సాంగానేర్ ఓపెన్ జైలు చూడండి. హత్య కేసుల్లో యావజ్జీవం పడ్డవాళ్లు అక్కడ భార్యాబిడ్డలతో ఉంటారు, పగలు బయట పని చేసుకుని హాజరు వేళకు తిరిగొస్తారు. అనంతపురం దగ్గర రెడ్డిపల్లిలోనూ ఖైదీలు వ్యవసాయం చేస్తారు. కానీ ఇలాంటి చోట్లకు వెళ్లగలిగేది శిక్ష పడి, సత్ప్రవర్తన చూపినవాళ్లే. హత్య చేసినవాడికి పొలం దొరుకుతుంటే ఫోను దొంగకు బ్యారకే గతి, ఇదెక్కడి న్యాయం?

కొత్త చట్టం బీఎన్‌ఎస్‌లో ఒక మంచి క్లాజు ఉంది. ఐదు వేలలోపు విలువైన సొత్తు దొంగిలించి మొదటిసారి శిక్ష పడినవాడు దాన్ని తిరిగిస్తే, జైలు బదులు సమాజ సేవ. ఇవాళ ఐదు వేలకు స్మార్ట్‌ఫోన్ ఎక్కడొస్తుంది? ఆ పరిమితిని ముందు ఇరవై వేలకు పెంచాలి.