జ్వరం చూసి రోగం చెప్పకురా చిన్నా

ఏరా చిన్నా,

మాంచెస్టర్ యునైటెడ్ ఫుట్‌బాల్ టీమ్ గ్రిమ్స్‌బీతో ఆడిన మ్యాచ్ రాత్రి నువ్వు పెట్టిన మెసేజ్ ఇంకా నా ఫోన్లోనే ఉంది, డిలీట్ చెయ్యబుద్ధి కాలేదు. మీకక్కడ తెల్లారుజామున మూడు అయ్యుంటుంది. "తాతయ్యా ఇంత దరిద్రం నీ జన్మలో ఎప్పుడైనా చూశావా, నేనింక యునైటెడ్ మ్యాచ్ చూస్తే ఒట్టు" అని. నాలుగో డివిజన్ టీమ్ మీద 2-0 వెనకబడి, కిందామీదా పడి 2-2 చేసి, చివరికి పెనాల్టీల్లో 12-11 తో పోయారు. ఇటు మన మేనేజర్ గారు గ్రౌండ్ పక్కన డగౌట్లో కూర్చుని బోర్డు మీద బిళ్ళలు జరుపుకుంటున్నాడు. ఆ ఇరవై ఆరు పెనాల్టీలూ నువ్వు ఒక్కటీ వదలకుండా చూశావు చూడు, అక్కడ నవ్వొచ్చింది నాకు, ఏమనుకోకు. పైగా ఒట్టేసిన మూడో రోజే లైనప్ స్క్రీన్‌షాట్ పంపావు.

సరే, అడిగావు కాబట్టి చెప్తా. చూశానా అంటే చూశాను, ఇంతకంటే దరిద్రమే చూశాను. కానీ పోల్చేటప్పుడు కాస్త ఒళ్ళు దగ్గర పెట్టుకుని పోల్చాలి. మీ కుర్రాళ్ళు ఇద్దరే రకాలు, ఒకడు "చరిత్రలో ఇంత ఘోరం లేదు" అంటాడు, ఇంకొకడు మన పాత మేనేజర్‌ని తలుచుకుని "ఫెర్గూసన్‌కి కూడా టైమ్ ఇచ్చారు కదా" అంటాడు. ఇద్దరూ థర్మామీటర్ చూసి రోగం చెప్పేవాళ్ళే. నలభై ఏళ్ళు డాక్టరీ చేసినోణ్ణి, 102 జ్వరం మలేరియాకీ వస్తుంది టైఫాయిడ్‌కీ వస్తుంది, అంకె ఒకటే, మందు వేరు.

నేను మాంచెస్టర్ వచ్చింది 1972 లో, గుంటూరు మెడికల్ కాలేజీలో చదువైపోయాక. హాస్పిటల్లో వారానికి ఎన్ని గంటలు పనో లెక్క ఉండేది కాదు, ఊళ్ళో ఎవరూ తెలీదు, రోజూ వాన. మా వార్డు పోర్టర్ ఒకాయన ఉండేవాడు, నన్ను డాక్ అనేవాడు, ఆయనే నన్ను యునైటెడ్ స్టేడియం ఓల్డ్ ట్రాఫర్డ్‌కి లాక్కెళ్ళాడు మొదటిసారి. హాఫ్ టైమ్‌లో వేడివేడిగా బోవ్రిల్ అని ఒక గ్లాసు చేతిలో పెట్టాడు, చలికి ప్రాణం లేచొచ్చింది, రెండు నెలల తర్వాత తెలిసింది అది గొడ్డు మాంసం రసమని. ఈ విషయం మా అమ్మకి చచ్చేదాకా చెప్పలేదు, మీ నానమ్మకి నువ్వు చెప్పకు.

అప్పటికి ఆ టీమ్ పరిస్థితేంటో తెలుసా, 1968 లో యూరోపియన్ కప్పు కొట్టిన క్లబ్బు. ఆ కప్పు కొట్టించిన మేనేజర్ బస్బీ 1969 లో దిగిపోయాడు కానీ బిల్డింగ్ వదిలి వెళ్ళలేదు. తర్వాత వచ్చిన వాళ్ళంతా ఆయన కళ్ళ ముందే పని చెయ్యాలి, మధ్యలో ఆయనే ఒకసారి మళ్ళీ వచ్చి టీమ్ చూసుకున్నాడు కూడా. మెక్‌గిన్నెస్, ఓఫారెల్ అయిపోయారు, డోకర్టీ వచ్చాడు. టీమ్‌కి ప్రాణమైన ముగ్గురిలో చార్ల్టన్ 1973 లో యునైటెడ్ నుంచి రిటైర్ అయ్యాడు, డెనిస్ లాని ఊరికే వదిలేస్తే వెళ్ళి అదే ఊళ్ళోని మన పోటీ టీమ్ మాంచెస్టర్ సిటీలో చేరాడు, జార్జ్ బెస్ట్ 1974 జనవరి ఒకటిన చివరి మ్యాచ్ ఆడేశాడు, అప్పటికి వాడికి ఇరవై ఏడేళ్ళు. ఆ సీజన్లో గోల్స్ కొట్టేవాడే లేడు రా. గోల్‌కీపర్ స్టెప్నీ చేత పెనాల్టీలు వేయించారు, ఆయన రెండు కొట్టాడు, ఆ రెండు గోల్స్‌తో సీజన్ మధ్యలో ఒక దశలో గోల్‌కీపరే జాయింట్ టాప్ స్కోరర్! నువ్వు ఇప్పుడు స్ట్రైకర్ల గురించి ఏడుస్తున్నావు.

1974 ఏప్రిల్ 27. ఆ రోజు డ్యూటీ మార్పించుకుని వెళ్ళా. సిటీతో మ్యాచ్, ఇంకో పది నిమిషాలుందనగా బాల్ లా దగ్గరికొచ్చింది, వెనక్కి తిరిగి ఉన్నాడు, మడమతో అలా తన్నాడు, లోపలికి వెళ్ళిపోయింది. మనోడే, పదకొండేళ్ళు మన షర్ట్ వేసుకున్నోడు. నవ్వలేదు, చెయ్యి ఎత్తలేదు, తల వంచుకుని నడుచుకుంటూ బయటికి వెళ్ళిపోయాడు. జనం గ్రౌండ్లోకి దూకారు, మ్యాచ్ ఆపేశారు, తర్వాత ఆ 1-0 నే ఖాయం చేశారు. నా పక్కన పోర్టర్ అరవలేదు, తిట్టలేదు. చేతిలో ఉన్న ప్రోగ్రామ్ పుస్తకాన్ని మడతపెట్టాడు, మళ్ళీ మడతపెట్టాడు, మళ్ళీ, ఇక మడత పడనంత వరకూ నొక్కి నొక్కి కోటు జేబులో పెట్టుకుని "రేపు నైట్ డ్యూటీయా డాక్" అనడిగాడు. అంతే. బస్టాప్ దాకా ఇంకో మాట లేదు. లా గోల్ వల్లే సెకండ్ డివిజన్‌కి దిగిపోయాం అని ఈ రోజుకీ అంటారు గానీ అదీ నిజం కాదు, ఆ రోజు మనలాగే టేబుల్ అడుగున ఉన్న బర్మింగ్‌హామ్ గెలిచింది కాబట్టి మనం డ్రా చేసుకున్నా పోయేవాళ్ళమే. ఆ సంగతి ఆ గొడవలో ఎవడికి తెలుసు. లా కూడా 2025 జనవరిలో పోయాడు పాపం.

ఇప్పుడు అంకె చూడు. 1973-74 లో 42 మ్యాచ్‌లు, 10 గెలుపులు, 12 డ్రాలు, 20 ఓటములు. అప్పుడు గెలిస్తే రెండే పాయింట్లు కాబట్టి 32 వచ్చాయి. ఇప్పటి లెక్కన మూడేసి వేస్తే ఎంత, 42. 2024-25 సీజన్లో మనకొచ్చింది ఎంత, 42! నాలుగు మ్యాచ్‌లు తక్కువ ఆడి వచ్చాయనుకో. ఒకసారి ఆ పాయింట్లతో సెకండ్ డివిజన్‌కి పోయాం, ఒకసారి పదిహేనో స్థానంలో ఉండి బిల్బావోలో యూరోపా ఫైనల్ కూడా ఆడాం, అది స్పర్స్‌కి సమర్పించుకున్నాం అది వేరే విషయం. అంకెని నమ్ముకుంటే ఇలాగే ఉంటుంది.

ఇక 1989 కథ. సెప్టెంబర్లో సిటీ వాళ్ళ గ్రౌండ్ మెయిన్ రోడ్‌లో వాళ్ళ చేతిలో 5-1 తో చావుదెబ్బ, నేను ఆ రోజు క్లినిక్‌లో ఉన్నా, దేవుడి దయ. డిసెంబర్లో స్టాండ్‌లో బ్యానర్ కట్టారు, మూడేళ్ళుగా సాకులే, ఇక బయల్దేరవయ్యా ఫెర్గీ అని. ఆ సీజన్ పదమూడో స్థానంలో ముగించాం. జనవరిలో ఎఫ్ఏ కప్పు మ్యాచ్‌లో ఫారెస్ట్ మీద మార్క్ రాబిన్స్ ఒక గోల్ కొట్టాడు, అక్కణ్ణించి కప్పు దాకా పోయాం, ఫైనల్లో ప్యాలెస్‌తో 3-3 అయి రీప్లేలో లీ మార్టిన్ గోల్‌తో 1-0. ఇదే పట్టుకుని మీ వాళ్ళు ప్రతి మేనేజర్‌కీ టైమ్ ఇవ్వాలంటారు. నాకు ఈ మాట వింటే ఒళ్ళు మండుద్ది. ఆ మూడేళ్ళూ ఫెర్గూసన్ ఊరికే కూర్చోలేదు నాయనా. డ్రెస్సింగ్ రూమ్‌లో తాగుడు మాన్పించాడు, ఊరూరా స్కౌట్‌లని పెంచాడు, గిగ్స్ అనే కుర్రాడికి పద్నాలుగో పుట్టినరోజున, 1987 లో, స్వయంగా వాళ్ళింటికెళ్ళి సంతకం పెట్టించుకున్నాడు. అంటే పైన టేబుల్లో జ్వరం ఉంది గానీ లోపల ఒళ్ళు బాగుపడుతోంది. అప్పుడు నాకూ తెలీదులే, నేనూ పొమ్మన్నవాణ్ణే, ఇప్పుడు పెద్ద తెలిసినోడిలా చెప్తున్నా.

కాబట్టి నువ్వు చూడాల్సింది ఏ స్థానంలో ఉన్నాం అని కాదు, లోపల ఏం జరుగుతోంది అని. ఇప్పుడు మన రోగం నాకు తోచినంతలో చెప్తా. ఫెర్గూసన్ 2013 లో దిగాక మోయెస్, వాన్ హాల్, మొరీన్యో, సోల్‌షార్, టెన్ హాగ్, ఆమోరిమ్ దాకా పర్మనెంట్ మేనేజర్లే ఆరుగురు. వచ్చిన ప్రతి డాక్టరూ ముందోడి మందులన్నీ ఆపేసి కొత్త చీటీ రాశాడు, ముందోడు కొన్న ప్లేయర్లు వీడికి పనికిరారు, వీడు కొన్నోళ్ళు వచ్చేవాడికి పనికిరారు. ఇది 1989 లాంటిది కాదు, 1969 నుంచి 74 దాకా జరిగిన దానికి దగ్గర. పెద్దాయన పోయాక ఇంట్లో ఎవరి మాట చెల్లాలో తేలకపోవడం. పైన ఓనర్ల సంగతి, 2005 లో క్లబ్బుని కొన్న అప్పు క్లబ్బు నెత్తినే పెట్టారు, 2024 లో కొంత వాటా కొని రాట్‌క్లిఫ్ వచ్చి ఉద్యోగాలు తీసేసి, సీజన్ మధ్యలో టికెట్ 66 పౌండ్లు చేసి, పిల్లలకీ ముసలాళ్ళకీ డిస్కౌంట్ లేదన్నాడు. నా వయసోడి మీద పడ్డాడు చూడు. 2024 మేలో ఆర్సెనల్ మ్యాచ్ అయ్యాక వానకి స్టేడియం కప్పు మీద నుంచి జలపాతంలా నీళ్ళు పడిన వీడియో నువ్వే పంపావు, అది టేబుల్ కంటే ఎక్కువ చెప్పింది నాకు.

ఒక్కటి మాత్రం, 1958 మ్యూనిక్ విమాన ప్రమాదాన్ని ఈ పోలికల్లోకి లాగకు. ఇరవై మూడు మంది పోయారు, అందులో ఎనిమిది మంది ప్లేయర్లు. అది ఫామ్ పోవడం కాదు. ఎవడైనా గ్రూప్‌లో "మ్యూనిక్ తర్వాత లేచాం, ఇప్పుడూ లేస్తాం" అని పెడితే జవాబు ఇవ్వకు, ఊరుకో.

దిగిపోతే చచ్చిపోతాం అని కూడా అనుకోకు. నిజం చెప్పనా, నా జన్మలో హాయిగా ఫుట్‌బాల్ చూసింది ఆ సెకండ్ డివిజన్ సంవత్సరమే, 1974-75. డోకర్టీ కుర్రాళ్ళని దించాడు, పియర్సన్‌ని హల్ నుంచి తెచ్చాడు, ఫిబ్రవరిలో కాపెల్ అని యూనివర్సిటీలో ఎకనామిక్స్ చదువుతున్న కుర్రాణ్ణి ట్రాన్‌మియర్ నుంచి పట్టుకొచ్చాడు. షెఫీల్డ్ వెన్స్‌డేతో 4-4 అయిన మ్యాచ్‌కి పోర్టరూ నేనూ ట్రైన్‌లో వెళ్ళాం, వచ్చేటప్పుడు గొంతు లేదు ఇద్దరికీ. సెకండ్ డివిజన్లో ఉండి కూడా సగటున 48 వేల మంది వచ్చేవాళ్ళు, ఫస్ట్ డివిజన్లో ఎవరికీ అంత జనం లేరు. మన వాళ్ళు కొందరు ఊళ్ళ మీద పడి చేసిన రౌడీయిజం మాత్రం సిగ్గుచేటు, దాన్ని నేను వెనకేసుకురాను.

ఇంకోటి, టీమ్ మారతా అన్నావు. మారితే మారు, చట్టం ఏం లేదు. కానీ క్లబ్బు ఓడిపోవడానికీ క్లబ్బే లేకుండా పోవడానికీ తేడా నీకు నేను చెప్పక్కర్లేదు. మీ ముత్తాత చెప్పేవాడు, హైదరాబాద్ సిటీ పోలీస్ టీమ్ 1950 నుంచి 54 దాకా వరసగా ఐదేళ్ళు బొంబాయి రోవర్స్ కప్పు టోర్నమెంట్ కొట్టిందని, ఆ టీమ్‌ని తయారు చేసిన రహీమ్ సాబే 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఇండియాని నాలుగో స్థానానికి తీసుకెళ్ళాడని. 1963 లో ఆయన పోయాడు, తర్వాత ఆ వైభవం మళ్ళీ రాలేదు. అవి వదిలెయ్, 2022 మార్చిలో గోవాలో గోల్‌కీపర్ కట్టిమణి పెనాల్టీలు ఆపుతుంటే హైదరాబాద్ ఎఫ్‌సీ ఇండియన్ సూపర్ లీగ్ కప్పు కొట్టిందని నువ్వు ఫోన్లో అరిచావు, నాకు చెవి నొప్పెట్టింది. నాలుగేళ్ళు తిరక్కుండానే ఆ టీమ్ పేరు మార్చుకుని ఢిల్లీ వెళ్ళిపోయింది. గచ్చిబౌలి స్టేడియం దగ్గరికెళ్ళి ఎవణ్ణి తిడతావు ఇప్పుడు. యునైటెడ్‌ని తిట్టుకోడానికైనా ఉంది.

ఇక మామూలు జాగ్రత్తలు. రాత్రి పన్నెండున్నర మ్యాచ్‌లు అన్నీ చూడకు, పొద్దున ఆఫీసుంది, మీ అమ్మ నాకు కంప్లైంట్ చేసింది. ఓడిన రాత్రి గ్రూప్ మ్యూట్ చెయ్, ఆ లివర్‌పూల్ ఫ్రెండ్‌కి, వాళ్ళు మనల్ని కొట్టిన 7-0 గురించి వాడు ఎత్తకముందే నువ్వే ఎత్తి నవ్వెయ్, వాడి దగ్గర ఇంకేం మిగలదు. మన అకాడమీ కుర్రాళ్ళలో ఒకణ్ణి పట్టుకుని వాణ్ణి ఫాలో అవు, వాడు సబ్‌గా దిగి పది నిమిషాలు ఆడినా నీకో ఆనందం. 1937 అక్టోబర్ నుంచి ఇప్పటిదాకా మన ప్రతి మ్యాచ్ స్క్వాడ్‌లో సొంతంగా పెంచుకున్న కుర్రాడు ఒక్కడైనా ఉన్నాడు, డివిజన్ దిగినప్పుడు కూడా. నేను ఇప్పటికీ లైనప్ రాగానే ముందు చూసేది అదే. అది తప్పిన రోజు నువ్వు ఒట్టు పెట్టు, నేనూ నీతో పాటు పెడతా.

శనివారం మ్యాచ్ మీకు సాయంత్రమే కదా, హాఫ్ టైమ్‌లో వీడియో కాల్ చెయ్. గోల్ పడ్డప్పుడు మాత్రం మెసేజ్ పెట్టకు, నా టీవీ మీ ఫోన్ కంటే అర నిమిషం వెనకుంటోంది, పోయిన వారం నువ్వే నాకు మ్యాచ్ చెడగొట్టావు.

తాతయ్య